మూడు పాత కంప్యూటర్ల ఇంట్లో డేటా ఎక్కడ దాచాలి?



కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడుస్తుందని పోయిన సంచికలో రాశాను. అది చదివి మన ఎనిమిదో తరగతి తమ్ముళ్లు మంచి ప్రశ్న వేశారు. "అన్నా, ఒక్క డబ్బాలో నాలుగు కంప్యూటర్లు నడిస్తే వాటి ఫైళ్లు ఎక్కడ ఉంటాయి? డబ్బా ఖరాబైతే నాలుగూ పోతాయా?" అని. దానికి జవాబే ఈ వ్యాసం.

ఉత్త మాటలతో చెబితే బుర్రకెక్కదు గనుక ఒక ఉదాహరణ తీసుకుంటాను. మా చిన్నాయనకు చేవెళ్లలో చిన్న ఫోటో స్టూడియో ఉంది, ఇల్లు మొయినాబాద్‌లో. రెండింటి మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. ఏదో ఆఫీసు వాళ్లు తీసేసిన మూడు కంప్యూటర్లను సెకండ్ హ్యాండ్‌లో కొని ఇంట్లో పెట్టాడు. ఆ మూడింటిలో డేటాను ఎట్లా సర్దాలో ఈ సెలవుల్లో ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. ఆ లెక్కనే మీకు చెప్తాను.

1. ముందుగా రెండు మాటలు

పెద్ద హాలును తెరలు కట్టి నాలుగు గదులు చేస్తే ఎవరి గది వారిదే. ఒక్క కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అట్లా విడగొట్టడమే వర్చువలైజేషన్. ఒక్కొక్క గదిని వర్చువల్ మెషీన్ అంటారు. చిన్నాయన ఇంట్లో ఒక గదిలో బిల్లుల లెక్క, ఇంకో గదిలో పెళ్లి ఫోటోల గ్యాలరీ, మూడోదాంట్లో సీసీ కెమెరాల రికార్డింగు నడుస్తాయి.

ఇట్లాంటి డబ్బాలు రెండు మూడు కలిసి ఒకే జట్టుగా పనిచేస్తే దాన్ని క్లస్టర్ అంటారు. ఇళ్లలో దీనికి ఎక్కువమంది వాడేది ప్రాక్స్‌మాక్స్. ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరపు కంపెనీ దాన్ని తయారు చేసి 2008లో మొదటిసారి విడుదల చేసింది. డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు.

2. ట్రంకు పెట్టె, స్టోర్ రూము

మన హాస్టల్‌లో ఎవరి ట్రంకు పెట్టె వారి మంచం కింద ఉంటుంది. కావాలంటే వెంటనే తీసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర లేదు. కానీ ఒక డార్మిటరీ నుంచి ఇంకో డార్మిటరీకి మారాలంటే పెట్టె మోసుకు పోవాలి. కంప్యూటర్‌లో దీన్ని లోకల్ స్టోరేజి అంటారు. ఎవరి డిస్కు వారి డబ్బాలోనే ఉంటుంది.

అట్లా కాకుండా అందరి సామాను ఒకే స్టోర్ రూములో పెట్టామనుకోండి. ఏ డార్మిటరీకి మారినా మనిషి మారితే చాలు, సామాను కదలదు. ఇది షేర్డ్ స్టోరేజి. వర్చువల్ మెషీన్ నడుస్తుండగానే ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు చటుక్కున మారడం దీనివల్ల తేలికవుతుంది. మరి స్టోర్ రూము తాళం పట్టేస్తే? అందరూ స్నానానికి సబ్బు లేకుండా నిలబడాల్సిందే! ఒక్క డబ్బా ఆగితే మొత్తం ఆగిపోవడం ఈ పద్ధతిలోని లోపం.

మూడో పద్ధతి ఒకటుంది. ప్రతి వస్తువుకూ మూడు నకళ్లు చేసి, మూడు డార్మిటరీలలో మూడు పెట్టెల్లో పెట్టడం. ఏ ఒక్క గదికి తాళం పడినా పని ఆగదు. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో పేరున్నది సెఫ్. అమెరికాలో సాంటాక్రూజ్ విశ్వవిద్యాలయంలో సేజ్ వీల్ అనే విద్యార్థి చేసిన పీహెచ్‌డీ పరిశోధనలోంచి అది పుట్టింది. విద్యార్థి చేసిన పని అని గమనించండి!

3. డిస్కులు కొనే ముందు రాయాల్సిన పట్టిక

ఇక అసలు విషయానికి వద్దాం. అంగడికి పోగానే అందరూ "ఎన్ని టీబీలు కావాలి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న తర్వాత వేసుకోవాలి. "ఏది పోతే ఎంత నష్టం?" అన్నది ముందు తేల్చుకోవాలి. మేము నోటు పుస్తకంలో మూడు గీతలు గీసి మూడు వరుసలు రాశాం.

మొదటి వరుస: పోతే మళ్లీ రానివి. మా నాయనమ్మ, తండాలోని పెద్దమ్మలు పాడిన పాటలు ఇందులోకి వస్తాయి. తీజ్ పండుగ పాటలు, పెళ్లికూతురు పుట్టిల్లు విడిచిపోయేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో పాటలు అన్నీ కలిపి దాదాపు 40 గంటల రికార్డింగు ఉంది. మన లంబాడీ భాషకు సొంత లిపి లేదు. రాసి పెట్టుకున్న పుస్తకాలు తక్కువ. గొంతే మనకు పుస్తకం. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ పాటలు చెడిపోతే ఏ దుకాణంలోనూ దొరకవు. ఇంటి కాగితాల స్కానింగులు కూడా ఈ వరుసలోనే రాశాం.

రెండో వరుస: పోతే డబ్బూ, మాటా పోయేవి. పెళ్లి ఫోటోలు, వీడియోలు, బిల్లుల లెక్క. పెళ్లి మళ్లీ చేయించి ఫోటో తీయలేం గదా! పెళ్లివారికి ఇచ్చిన మాట కూడా ఆ డిస్కులోనే ఉంది.

మూడో వరుస: పోయినా ఫర్వాలేనివి. సీసీ కెమెరాల రికార్డింగు, సినిమాలు, మళ్లీ దించుకోగల సాఫ్ట్‌వేర్లు. వారం తర్వాత కెమెరా రికార్డింగును ఎవరూ చూడరు.

ఈ పట్టిక లేకుండా కొంటే ఏమవుతుంది? సీసీ కెమెరా దృశ్యాలకూ మూడు నకళ్లు, నాయనమ్మ పాటకూ మూడు నకళ్లు. రెండింటికీ ఒకే మర్యాద! ఉన్న పైసలు ఫర్వాలేని వాటికి ఖర్చయి, ముఖ్యమైన వాటికి మిగలవు.

4. లెక్క వేద్దాం

లెక్కల సార్ మెచ్చుకునేట్టు విడమరచి చేస్తాను.

పాటలు: నాణ్యత తగ్గించకుండా దాచితే నిమిషానికి సుమారు 10 ఎంబీ, గంటకు 600 ఎంబీ. 40 గంటలకు 24 జీబీ. కాగితాల స్కానింగులకు 6 జీబీ. మొత్తం 30 జీబీ.

ఫోటోలు, వీడియోలు: ఒక పెళ్లికి 60 జీబీ చొప్పున ఏడాదికి 15 పెళ్లిళ్లు. మొత్తం 900 జీబీ.

బిల్లుల మెషీన్‌కు 60 జీబీ, మిగతా మెషీన్ల సాఫ్ట్‌వేర్‌కు 120 జీబీ. మొత్తం 180 జీబీ.

సీసీ కెమెరాలు: ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుంది. 8 బిట్లు ఒక బైటు గనుక సెకనుకు పావు ఎంబీ, గంటకు 900 ఎంబీ, రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు రోజుకు 86.4 జీబీ, వారానికి సుమారు 605 జీబీ.

అన్నీ కలిపితే 1,715 జీబీ. దీన్నంతా సెఫ్‌లో మూడు నకళ్లుగా పెడితే 5,145 జీబీ అవుతుంది. డిస్కును 80 శాతం మించి నింపకూడదనే నియమం పెట్టుకున్నాం (కారణం తర్వాత చెప్తాను). దాని ప్రకారం దాదాపు 6,430 జీబీ కొనాలి. అంటే ఒక్కో కంప్యూటర్‌కు 2 టీబీ పైన ఎస్సెస్డీ. అది చిన్నాయన జేబు తట్టుకునే లెక్క కాదు.

ఇంకో చిన్న సంగతి. 1 టీబీ అని రాసి ఉన్న డిస్కును పెడితే కొన్ని కంప్యూటర్లు 931 అని చూపిస్తాయి. దుకాణదారుడు మోసం చేశాడనుకోకండి. డిస్కు చేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, ఆ కంప్యూటర్లు 1,024 చొప్పున లెక్కిస్తాయి. అంతే తేడా.

5. వరుసను బట్టి డిస్కు

పట్టిక చేతిలో ఉంది గనుక ఇప్పుడు ఒక్కో వరుసకు తగిన చోటు చూద్దాం.

నడిచే మెషీన్లు (180 జీబీ): వీటికి వేగం కావాలి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కు అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క చదవాలంటే సూది జరుపుకుంటూ పోవాలి. సెకనుకు వంద చిల్లర పనులకే అలసిపోతుంది. ఎస్సెస్డీలో కదిలే భాగమే లేదు, వేల పనులు చేస్తుంది. అందుకని మూడు కంప్యూటర్లలో తలా ఒక 500 జీబీ ఎస్సెస్డీ. వాటిపై జడ్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో డేటా రాసి, ఒకదాని నకలు మిగతా వాటికి పంపే ఏర్పాటు చేస్తాం. ప్రాక్స్‌మాక్స్ మనం మార్చకపోతే 15 నిమిషాలకోసారి నకలు పంపుతుంది. డబ్బా ఒకటి చెడితే చివరి 15 నిమిషాల బిల్లులు పోవచ్చు. కానీ అవి కాగితం బిల్లు బుక్కులో ఉంటాయి గదా! ఆ నష్టాన్ని మేము ఒప్పుకున్నాం.

సెఫ్ అయితే ఆ 15 నిమిషాలు కూడా పోవు. ఎందుకంటే రాసిన ప్రతి అక్షరం మిగతా డబ్బాలకు చేరిన తర్వాతే "రాశాను" అంటుంది. అందుకే దానికి వేగమైన తీగ కావాలి. ఇళ్లలో ఉండే 1 గిగాబిట్ తీగ సెకనుకు 125 ఎంబీకి మించి మోయదు. సెఫ్‌కు 10 గిగాబిట్ మేలని దాన్ని చేసినవాళ్లే చెబుతారు. కరెంటు పోయినా రాత చెడకుండా కాపాడే ఖరీదైన ఎస్సెస్డీలు లేకపోతే అది బాగా నెమ్మదిస్తుంది కూడా. పెద్ద ఆసుపత్రికో బ్యాంకుకో అది సరి. మూడు పాత డబ్బాల ఇంటికి 15 నిమిషాల నకలు చాలు.

పెళ్లి ఫోటోలు, పాటలు (930 జీబీ): వీటికి వేగం కన్నా చోటు ముఖ్యం. రెండు హార్డ్ డిస్కులు జంటగా, ఒకదానికొకటి అద్దంలా. ఒకటి చెడినా రెండోది నిలుస్తుంది. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కుకు బదులు చౌక డిస్కులను జట్టు కట్టించవచ్చని 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పత్రంతో రెయిడ్ అనే పేరు పుట్టింది. పేదవాడికి పనికొచ్చే ఆలోచన! మరి సైజు ఎంత? 2 టీబీ జంట పెడితే 80 శాతం అంటే 1,600 జీబీ. ఇప్పటికే 930 ఉంది. మిగిలిన 670, ఏడాదికి 900 చొప్పున తొమ్మిది నెలలకే నిండుతుంది. 4 టీబీ జంట పెడితే 3,200 జీబీ, దాదాపు రెండున్నరేళ్లు వస్తుంది. కనుక 4 టీబీ.

ఆ కంప్యూటర్ మదర్‌బోర్డే కాలిపోతే? డిస్కులు ఊడదీసి పక్క డబ్బాలో పెట్టాలి. అంతసేపు ఫోటోలు కనబడవు గానీ పోవు. పాటలు 30 జీబీయే గనుక వాటి నకలు మూడు ఎస్సెస్డీల మీదా పెడతాం.

సీసీ కెమెరాలు (605 జీబీ): ఒకే ఒక్క 1 టీబీ హార్డ్ డిస్కు. నకలు లేదు. ఎస్సెస్డీ మీద ఎందుకు వద్దంటే, రోజుకు 86.4 జీబీ అంటే ఏడాదికి 31 టీబీ పైన రాత. ఎస్సెస్డీ రాతకు అరుగుతుంది. రబ్బరు పెట్టి చెరిపి చెరిపి రాస్తే కాగితం పలచబడినట్టు అనుకోండి.

కొనేటప్పుడు ఒకటి అడగండి. కొన్ని హార్డ్ డిస్కులు గీతల మీద గీతలు ఎక్కించి రాస్తాయి, వాటిని ఎస్సెమ్మార్ రకం అంటారు. చెడిన డిస్కు స్థానంలో కొత్తది నింపేటప్పుడు అవి గంటల పనిని రోజులకు ఈడుస్తాయి. జంట కట్టడానికి ఆ రకం వద్దు.

6. రెండు చాలవా, మూడెందుకు?

ఇద్దరే పంచాయతీకి కూర్చుంటే ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. తగువు తెగదు. కంప్యూటర్లూ అంతే. మధ్యలో తీగ తెగితే ప్రతిదీ "నేనే బతికున్నాను, అవతలిది పోయింది" అనుకుంటుంది. రెండూ ఒకే ఫైలులో వేర్వేరుగా రాస్తే డేటా చిందరవందర. అందుకే సగానికి మించి ఓట్లు ఉన్న పక్షమే పనిచేయాలని నియమం. మూడింటిలో రెండు కలిస్తే మెజారిటీ. రెండింటిలో ఒకటి మిగిలితే అది సగమే, మెజారిటీ కాదు.

ఈ మూడు సంఖ్య మన చుట్టుపక్కలే పెద్ద ఎత్తున కనిపిస్తుంది. చేవెళ్ల నియోజకవర్గంలోనే షాబాద్ మండలం చందన్‌వెల్లి ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ డేటా సెంటర్ కట్టిన చోట్లలో అదొకటి. ఆ కంపెనీ హైదరాబాద్ విభాగం 2022 నవంబరులో మొదలైంది. దాన్ని ఒక్కచోట కట్టలేదు, మూడు జోన్లుగా విడదీశారు. ఒకచోట నిప్పంటుకున్నా, నీళ్లొచ్చినా మిగతావి నడవాలని జోన్ల మధ్య దూరం ఉంచుతారు. అట్లాగని మరీ దూరం కూడా పెట్టరు, వంద కిలోమీటర్ల లోపే ఉంచుతారు. దూరం ఎక్కువైతే నకలు చేరడం ఆలస్యమవుతుంది గనుక. వేల కంప్యూటర్ల వాళ్లకూ, మూడు డబ్బాల చిన్నాయనకూ సూత్రం ఒక్కటే.

7. నిండా నింపొద్దు: గండిపేట చెప్పే పాఠం

80 శాతం నియమం ఎందుకో చెప్తానన్నాను. మొయినాబాద్ మండలానికి ఒక పక్క ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట. ఇంకో పక్క హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఇచ్చిన సలహాతో పైన జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి తాగునీరు దాచడానికే కాదు, వరదను ఆపడానికి కూడా. అంచుదాకా నిండిన చెరువు కొత్త వరదను ఆపలేదు. గేట్లెత్తి కిందికి వదలాల్సిందే. ఖాళీ చోటు కూడా చెరువు చేసే పనిలో భాగమే!

డిస్కు కూడా అంతే. నిండేకొద్దీ జడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ ముక్కలు వెతుక్కుంటూ నెమ్మదిస్తుంది. సెఫ్ 85 శాతం దగ్గర హెచ్చరిస్తుంది, 95 శాతం దగ్గర రాయడమే ఆపేస్తుంది. ఒక డిస్కు చెడినప్పుడు దాని సరుకు సర్దుకోవడానికీ చోటు కావాలి. కనుక 80 శాతం దాటకముందే కొత్తది కొనే ఆలోచన చేయాలి.

8. నకలు వేరు, బ్యాకప్ వేరు

ఈ భాగం ఎర్ర ఇంకుతో రాస్తున్నాను. మిగతాది మరిచినా ఇది మరవకండి.

సార్ డిక్టేషన్ చెప్తుంటే ముగ్గురు రాస్తున్నారు. సార్ "ఆ లైను కొట్టేయండి" అంటే ముగ్గురూ కొట్టేస్తారు. మూడు పుస్తకాలున్నా ఆ లైను ఎక్కడా మిగలదు. క్లస్టర్‌లో మూడు నకళ్లున్నా, జంట డిస్కులున్నా సంగతి ఇదే. ఎవరైనా పాటల ఫోల్డర్ చెరిపితే జంటలోని రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే అన్నిచోట్లా తాళమే. నకలు డిస్కు చెడకుండా కాపాడుతుంది, చెయ్యి జారకుండా కాపాడదు.

చెయ్యి జారినదానికి స్నాప్‌షాట్ కొంత మందు. నిన్న రాత్రి ఎట్లా ఉందో ఆ రూపాన్ని పట్టి ఉంచుతుంది. కానీ అదీ అదే డిస్కులో ఉంటుంది. ఇల్లు తగలబడితే, దొంగలు డబ్బాలు ఎత్తుకుపోతే దానితోపాటే పోతుంది. కాబట్టి వేరే చోట, తీగ పీకేసి ఉన్న ఇంకో డిస్కు కావాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో అని పెద్దలు చెప్పే 3-2-1 సూత్రం ఇదే.

చిన్నాయనకు వేరే ఊరు ఎక్కడో వెతకనక్కర లేదు, చేవెళ్లలో స్టూడియో ఉండనే ఉంది! ఇంటర్నెట్‌లో పంపితే? పైకి పంపే వేగం 20 మెగాబిట్లు అనుకుంటే 930 జీబీకి నాలుగు రోజులకు పైగా పడుతుంది. అదే 4 టీబీ బయటి డిస్కులో నింపి, సంచిలో వేసుకుని బస్సెక్కితే గంటలో చేవెళ్ల. లెక్క చేస్తే సెకనుకు 250 ఎంబీ పైమాటే. నింపే సమయం వేరే ఉందనుకోండి, గిగాబిట్ తీగ మీద రెండున్నర గంటలు. రెండు డిస్కులుంటే ఒకటి ఇంట్లో నింపుతుండగా ఇంకొకటి స్టూడియోలో ఉంటుంది, నెలకోసారి మార్చుకోవచ్చు. బస్సులో పోయినా ఇతరుల చేతికి చిక్కకుండా డిస్కుకు తాళపు మాట పెట్టాలి. అందులో ఉన్నవి పరాయి ఇళ్ల ఆడబిడ్డల ఫోటోలు.

ఇంకొక నియమం. మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్కులోంచి ఒక పెళ్లినీ ఒక పాటనూ వెనక్కి తీసి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్, తవ్వి చూడని బావి ఒక్కటే. నీళ్లున్నాయో లేవో ఎవరికి తెలుసు?

9. కరెంటు సంగతి

రాస్తుండగా కరెంటు పోవడం డిస్కులకు గండం. మూడు డబ్బాలకు, మధ్యలోని స్విచ్చికి కలిపి ఒక యూపీఎస్ పెట్టాలి. గంటలు నడవనక్కర లేదు. పది నిమిషాలు నిలబడి, మెషీన్లను వరసగా ఆపేస్తే చాలు. స్విచ్చిని మరిచి డబ్బాలకే పెట్టేవాళ్లు ఉన్నారు. తీగ చచ్చిపోతే ఓట్లు కలవవు, అంతా ఆగిపోతుంది.

ముగింపు

తమ్ముళ్లారా, మీ ప్రశ్నకు జవాబు దొరికిందా? డబ్బా ఖరాబైతే అన్నీ పోవాలని లేదు. ఏవి పోకూడదో మనం ముందే రాసుకున్నామా లేదా అన్నదే తేడా. చిన్నాయన కొనాల్సిన జాబితా చివరికి ఇంతే: 500 జీబీ ఎస్సెస్డీలు మూడు, 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు, 1 టీబీ ఒకటి, 4 టీబీ బయటి డిస్కులు రెండు, ఒక యూపీఎస్. పైసలు ఒకేసారి కుదరకపోతే ముందు బయటి డిస్కులు కొనమని చెప్పాను. క్లస్టర్ ఆగినా ఫర్వాలేదు, పాటలు మిగలాలి.

మీ ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఫోన్ ఉంటుంది. కోయ, గోండు, చెంచు, లంబాడీ ఎవరైనా సరే, ఈ సెలవుల్లో మీ ముసలివాళ్ల పాటో కథో రికార్డు చేసి, ఆ రోజే ఇంకో రెండు చోట్ల పెట్టండి.

వచ్చే సంచికకు లెక్క: మన హాస్టల్‌లో కెమెరాలు 10, ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్లు. 15 రోజులు దాచాలి, 80 శాతమే నింపాలి. ఎన్ని టీబీల డిస్కు కావాలి? జవాబులు ఈ గోడ కింద ఉన్న డబ్బాలో వేయండి.

— ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ